దిక్కు తప్పిన ఇల్లు

మనిషి లేని ఇల్లు మామూలుగా బోసిగా ఉంటుంది. ఈ ఇల్లు మాత్రం నిద్రపోతున్నట్టుంది.

సుమన జారుడు తలుపు లాగి లోపల కాలు పెట్టేసరికి మూడూ ఇరవై. ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన వ్యాను అది. సీట్లన్నీ పీకేసి, చెక్కలు బిగించి, శ్రావణ్ మూడేళ్లుగా అందులోనే కాపురముంటున్నాడు. కాపురమంటే ఒక్కడే. ఒక పళ్లెం, ఒక గ్లాసు, రెండు జతల బట్టలు, చిన్న గ్యాసు పొయ్యి, దీపానికీ ఫోనుకూ కరెంటిచ్చే సోలార్ పలక ఒకటి నెత్తిమీద. అంతకన్నా ఎక్కువైతే ఇల్లు గాదు, గోదాము అనేవాడట.

సోమవారం నుంచి అతను కనబడటం లేదు. మంగళవారం తెల్లవారి పోచంపాడ్ ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున వ్యాను దొరికింది. వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇరవై అడుగుల దూరంలో, అల వచ్చి తాకేచోట, అతని చెప్పుల జత. స్టేషన్ వాళ్లొచ్చి పంచనామా రాసుకుని, తలుపులు మూసి పోయారు. ఇవాళ బుధవారం.

చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుకునే సుమనను అతణ్ణి వెతకమని పిలిచింది శ్రావణ్ నాయనమ్మ వెంకటవ్వ. పొద్దున నిజామాబాద్‌లో, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే మాట్లాడింది ముసలామె. చేతులు ఆగలేదు గానీ కళ్లు ఎక్కడో ఆగిపోయి ఉన్నాయి. మనుమడు చచ్చిపోయాడంటే నమ్మనంది. ఆ తర్వాత గొంతు తగ్గించి ఒక్క మాట చెప్పింది.

"వానికి దమ్ము ఉన్నది బిడ్డా. పట్నం నౌకరిల ఉన్నప్పుడు మొదలైంది. సలికాలం వచ్చిందంటే ఆ పంపు పీల్చనిది రాత్రి గడువదు. ముందుగాల గది వాని దగ్గరున్నదా, బండిల్నే ఉన్నదా, సూసి నాకు చెప్పు."

అందుకే సుమన ఇంకేదీ చూడకముందు ఉబ్బసానికి పీల్చే ఆ పంపునే వెతికింది. లోపల చీకటి. కిటికీలకు నల్ల గుడ్డలు బిగించి ఉన్నాయి. దీపం మీట కోసం గోడలన్నీ తడిమింది. పది నిమిషాలు పోయాయే తప్ప మీట దొరకలేదు. చివరికి ఫోను లైటు వేసుకుంది.

గోడకు ఒక పొడవాటి చెక్క. దాని మీద ప్రతి వస్తువుకూ పెన్సిల్‌తో గీసిన గీత. గరిటె ఆకారంలో గీత, దాని మీద గరిటె. కత్తెర ఆకారంలో గీత, దాని మీద కత్తెర. వరుస చివర, బొటనవేలంత గీతలో, నీలం రంగు పంపు ఒదిగి ఉంది, ఉయ్యాలలో పసిపిల్లలాగా.

పంపు ఇక్కడుంది. మనిషి ఎక్కడున్నా అది లేకుండా రెండు రాత్రులు గడిపాడు. మూడోది ఇంకో మూడు గంటల్లో వస్తుంది.

ఇంట్లో ఆమె బిడ్డకు పద్నాలుగు నెలలు. రాత్రి రెండుసార్లైనా లేచి, నిద్రపోతున్న పిల్ల ముక్కు కింద చూపుడు వేలు పెట్టి చూసుకోనిదే సుమనకు నిద్ర పట్టదు. వెచ్చగా గాలి తగిలిందాకా లోకం ఆగిపోయి ఉంటుంది. అత్త నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఇప్పుడు అట్లాంటి వేలు ఒకటి ఈ వ్యానులోంచి ఎటు చాపాలో తెలియక నిలబడింది.

మళ్లీ చెక్క వైపు చూసింది. కొన్నిచోట్ల గీతలు తుడిచేసిన మరకలున్నాయి. ఒకటి కెమెరా అంత, ఒకటి మడత కుర్చీ అంత. ఏదైనా వస్తువు ఎవరికైనా ఇచ్చేస్తే దాని గీత కూడా తుడిచేసేవాడని వెంకటవ్వ చెప్పనే చెప్పింది. జాగా ఉంటే ఆశ పుడుతుందట. కానీ రెండు గీతలు తుడవకుండా, వస్తువుల్లేకుండా ఖాళీగా ఉన్నాయి. ఒకటి మడిచిన దుప్పటి ఆకారం. ఇంకోటి నీళ్ల సీసా.

ఆమె ఆ రెండు ఖాళీలనూ చాలాసేపు చూసింది. బయట నీళ్ల చప్పుడు, ఎవరో నిద్రలో పక్కకు తిరిగినట్టు.

పరుపు వ్యాను పొడవునా పరిచి ఉంది. తల పెట్టుకునేది వెనక తలుపుల వైపు. కాళ్లు పోయేది ముందున్న నీళ్ల ట్యాంకు కింది అరలోకి. పాదాలు తప్ప ఇంకేమీ పట్టని అర అది. తలాపు దగ్గర, కంటికి ఎదురుగా, దిక్కులు చూసే డబ్బీ ఒకటి బిగించి ఉంది. సుమన లైటు దానిమీద వేసింది. ఉత్తరం చూపే ఎర్ర ముల్లు ఊగి, ఊగి, తలాపు వైపే నిలిచింది.

ఆమె వెంకటవ్వకు ఫోను చేసి, ఆ డబ్బీ ఎందుకని అడిగింది. అవతల చాట పక్కన పెట్టిన చప్పుడైంది. మనుమడు బండిలో ఉంటానన్నప్పుడు తాను పెట్టిన షరతు ఒక్కటేనంది. "గోడలున్న ఇంటికి దిక్కు ఒక్కపారి సూస్తే సాలు. నీ ఇల్లు దినాం తిరుగుతది, దినాం సూసుకో అన్న. ఉత్తరం తల పెట్టి పన్నోని తలనే గదా బిడ్డా, గణపతికి తెచ్చి అతికిచ్చింది. నా మీద ఒట్టు పెట్టిచ్చుకున్న. ఒట్టు తప్పడు వాడు." పంపు సంగతి అడిగింది. సుమన చెప్పింది.

ఒడ్డున జాలరి తుకారాం వల బాగు చేసుకుంటున్నాడు. సోమవారం రాత్రి బండిని చూసింది అతనొక్కడే. సుమన స్కూటీ కూడా అతని గుడిసె వెనకే ఉంది. ఆమె వచ్చి పక్కన కూచుని, బండి ఎన్ని గంటలకొచ్చింది కాకా అని అడిగింది. ఏడూ నలభై అన్నాడు. అంత నిక్కచ్చిగా ఎట్లా తెలుసంటే, ఇంటామె ఏడున్నర సీరియల్ పెట్టుకుంది, అన్నం పెట్టమంటే అడ్వర్టైజ్ వచ్చేదాకా ఆగమంది, ఆ కోపంతో బయటికొచ్చి కూచున్నానన్నాడు.

"వచ్చి ఊకె నిలువలే బిడ్డా. ముందుకు, ఎనుకకు, ముందుకు, ఎనుకకు. ఐదారు మాట్ల తిప్పిండు. ఎనుక తలుపు నీళ్ల దిక్కే రావాల్నని వాని యావ. గీనికి బండి రాదుర బై అని నవ్వుకున్న."

మూడేళ్లు రోజూ నడిపినవాడికి బండి రాకపోవడమేంటని సుమన మనసులో అనుకుంది. తర్వాత ఏం చూశావని అడిగితే ఏమీ చూడలేదన్నాడు. ఏం విన్నావని అడిగింది.

తుకారాం దారం పంటితో కొరికి ఆమె వంక చూశాడు. "సూసినవా అని అందరడిగిన్రు. ఇన్నవా అని నువ్వే అడిగినవ్. ఎనిమిదీ పదికి కట్ట మీద బూట్ల సప్పుడైంది. టక్కు టక్కుమని. రోడ్డు దిక్కు పోయింది."

శ్రావణ్‌కు బూట్లు లేవు. ఉన్నది ఒకే జత చెప్పులు. అవి నీళ్ల దగ్గరున్నాయి.

నాలుగు కావస్తుండగా తెల్ల కారు వచ్చి ఆగింది. దిగినవాడు ఆత్మారాం. పోలీసు కొలువు నుంచి రిటైరై, నిజామాబాద్‌లో రెండంతస్తుల మీద బోర్డు పెట్టుకుని డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు. సుమన ఆఫీసు కుట్టుమిషన్ దుకాణం పైన ఒక్క గది. ఆయనను ఈ కేసులో పెట్టుకున్నది శ్రావణ్ అన్న నరేష్.

"బీడీల చాట దించి ఎన్ని దినాలైంది సుమనమ్మా," అన్నాడు మీసం సర్దుకుంటూ. ఆమె ఒకప్పుడు బీడీలు చుట్టిందని ఆయనకు తెలుసు.

"ఇంట్లనే ఉన్నది సార్. మీరు జెప్పే కథలు ఇనుకుంట సుట్టుకుందామని దాసిపెట్టిన."

ఆత్మారాం నవ్వలేదు. గడియారం చూసుకుని, తన లెక్క తాను అప్పజెప్పాడు. మూడేళ్ల కింద మంచి నౌకరీ వదిలాడు. ఇల్లు వదిలాడు. కెమెరా ఇచ్చేశాడు, కుర్చీ ఇచ్చేశాడు. ఇప్పుడు బోధన్‌లో తన వాటా ఎకరన్నర చేను, అందులో ఉన్న బాయితో సహా, ముప్పై ఏళ్లుగా ఆ చేన్లో కూలి చేస్తున్న భీమవ్వ పేర రాసిస్తానన్నాడు. శుక్రవారం రిజిస్ట్రేషన్. అన్నీ పంచిపెట్టేవాడు బతకాలనుకునేవాడా. వెనక తలుపు తెరిచి, మంచం మీంచి లేచి, చెప్పులు విడిచి, నీళ్లలోకి నడిచాడు. ఐదు గంటలకు తన కాగితం స్టేషన్లో ఉంటుంది. రేపటి నుంచి నీళ్లలో వెతుకుతారు. ఒడ్డు మీద వెతకవలసింది ఏమీ లేదు.

ఆ బాయి నీళ్లే నరేష్ నాలుగెకరాల చెరుకుకు పారుతున్నాయని ఆయన చెప్పలేదు. వెంకటవ్వ చెప్పింది.

సుమన ఆయనను వ్యానులోకి రమ్మని గోడ చూపించింది. ఆయన కూడా మీట కోసం కాసేపు తడుముకుని, విసుక్కుని, ఫోను తీశాడు.

"ఇచ్చేసిన వస్తువు గీత తుడిపేస్తడు సార్. దుప్పటి గీత సూడుండ్రి, సీసా గీత సూడుండ్రి, తుడువలే. అవి ఇచ్చినయి గావు, ఎవరో తీస్కపోయినయి. నీళ్లల్ల మునిగేటోనికి దుప్పటెందుకు?"

"ఎవడో దొంగ పట్టుకపోయిండనుకో."

"గ్యాస్ పొయ్యి ఇడిసిపెట్టి పాత దుప్పటి పట్టుకపోయే దొంగ మన జిల్లల ఉన్నడా సార్?"

తర్వాత సుమన దిక్కుల డబ్బీ చూపించింది. బండిని ఇట్లా నిలబెడితే పడుకున్నవాడి తల ఉత్తరానికి పోతుందని, తల మార్చి పడుకుందామంటే ఆ అరలో తల పట్టదని, శ్రావణ్ నాయనమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాడని చెప్పింది. ఈ ఇంట్లో ఉండేవాడెవడూ ఇట్లా నిలబెట్టడు. మంచం మీంచి నీళ్లలోకి దిగినట్టు కనబడాలని వెనక తలుపు నీళ్లవైపు తిప్పినవాడు వేరే ఉన్నాడు. వాడి ధ్యాసంతా చూసేవాళ్ల మీదే ఉంది గానీ పడుకునేవాడి మీద లేదు.

ఇప్పుడు ఆత్మారాం గట్టిగా నవ్వాడు. "కంప్యూటర్ల చదువు చదివినోడు. ముసలామె మాట పట్టుకుని దిక్కులు సూసుకుంట పంటడా? పదో తరగతి కూడ దాటకుంట ఈ లైనులకొస్తే గిట్లనే ఉంటది. ఉత్తరం తల అని రిపోర్ట్ రాస్తే జడ్జిసాబు నీకు కొబ్బరికాయ కొడ్తడు."

మాట గుచ్చుకున్నా సుమన తల వంచుకోలేదు. చదువు తాను మానలేదు, మాన్పించారు. ఆ సంగతి ఈయనకు చెప్పి లాభమేంది. గంట ఆగమని మాత్రం అడిగింది. ఆయన ఆగలేదు. వ్యాను తాళంచెవి నరేష్‌కు ఇచ్చేశానని, అతను వచ్చి బండి తీసుకుపోతాడని, ఆలోపు దిగిపొమ్మని చెప్పి కారెక్కాడు. నాలుగూ పదిహేను.

కారు చప్పుడు దూరమయ్యాక సుమన తలుపు మూసుకుని పరుపు మీద పడుకుంది. మనిషి ఎటు పోయాడో తెలియకపోతే, అతను పడుకున్నచోట పడుకుని చూడాలనిపించింది. పాదాలు అరలోకి దూరాయి. గుడ్డ అంచులోంచి దూరిన నీటి వెలుతురు పైచెక్క మీద వణుకుతోంది. ఎన్నాళ్లయిందో ఆమె పగటిపూట ఇట్లా వెల్లకిలా పడుకుని. పిల్ల ఏడుపు లేదు, కుక్కర్ విజిల్ లేదు. ఉన్నదల్లా చేయి చాపితే అందేటంత ప్రపంచం. ఇంత తక్కువతో బతకొచ్చా అనిపించింది. ఇంత తక్కువలో బిడ్డ ఎక్కడ పడుకుంటుంది అని కూడా వెంటనే అనిపించింది. నీళ్లు బండిని మెల్లగా ఊపుతున్నట్టే ఉంది, బండి నేలమీదే ఉన్నా.

అప్పుడు కనబడ్డాయి అక్షరాలు. తలాపు మీది చెక్క అడుగున, పడుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ కనబడని చోట, సన్నటి పెన్సిల్ రాత. ఒక్కో రాత్రికి ఒక్కో వరుస. ఫోను లైటు దగ్గరపెట్టి చదివింది. ముప్కాల్, తల తూర్పు. పోచంపాడ్, తల దక్షిణం. నందిపేట, తల తూర్పు. మూడేళ్ల రాత్రులు, చీమల బారులాగా. ఎక్కడా ఉత్తరం లేదు. జోకొట్టినట్టు చదువుకుంటూ పోయి ఆమె చివరి వరుస దగ్గర ఆగింది.

ఆదివారం. బోధన్, మన చేను. తల తూర్పు.

ఆ తర్వాత చెక్క ఖాళీ. సోమవారం రాత్రి ఈ పరుపు మీద శ్రావణ్ పడుకోలేదు. ఆదివారం రాత్రి మాత్రం అన్నదమ్ముల చేన్లో పడుకున్నాడు. నరేష్ మంగళవారం స్టేషన్లో రాసిచ్చిన మాట వేరే. తమ్ముణ్ణి దసరా తర్వాత చూడలేదని, ఆ డబ్బా బండిలో తాను ఒక్కనాడూ కాలు పెట్టలేదని.

బయట అడుగుల చప్పుడైంది. టక్కు టక్కుమని.

సుమన ఫోను లైటు ఆర్పేసింది. లేవడానికి టైము లేదు. జారుడు తలుపు తెరుచుకుంది, ఒక మనిషి వంగి లోపలికొచ్చాడు, తన వెనకే తలుపు లాగేసుకున్నాడు. చీకట్లో తడుముకోలేదు. ఎడమచేయి సూటిగా పొయ్యి బల్ల అడుగుకు పోయింది. టిక్కుమంది. దీపం వెలిగింది.

నరేష్. పరుపు వైపు చూడనే లేదు. గోడ దగ్గరికి పోయి, గీతలన్నిటి మీదా కళ్లు పరిగెత్తించి, వరుస చివరున్న నీలం పంపు తీసి పిడికిట్లో పట్టుకున్నాడు.

ఆమెకు అంతా ఒక్కసారే అర్థమైంది. తమ్ముణ్ణి దాచినవాడు దుప్పటి తీసుకుపోయాడు, నీళ్లు తీసుకుపోయాడు. చిన్నప్పుడు తమ్ముడు చలికి అన్న దుప్పట్లో దూరేవాడని వెంకటవ్వ చెప్పింది, అందుకే దుప్పటి గుర్తుంది. దమ్ము సంగతి మొదట తెలియదు. అది పట్నంలో వచ్చింది. అప్పటికి అన్నదమ్ములకు మాటల్లేవు.

"దుప్పటి సరిపోయిందా అన్నా తమ్మునికి?" అంది సుమన, పడుకునే.

నరేష్ వెనక్కి తిరిగాడు. అంత చిన్న ఇంట్లో ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క అడుగు. ఆమె తల వెనక తలుపులు, ఆ వెనక నీళ్లు. సుమన ఇంకా లోపలే ఉన్నట్టు తుకారాంకు తప్ప ఎవరికీ తెలియదు. నరేష్ చేయి తలుపు గొళ్లెం మీదికి పోయి, వేసి, అక్కడే ఉండిపోయింది. సుమన కదలలేదు. మళ్లీ అడిగింది, ఈసారి పిల్లను నిద్రపుచ్చేటప్పటి గొంతుతో.

"ఎట్లున్నడన్నా?"

అతను కింద కూలబడ్డాడు.

"నేను సంపలే చెల్లె. శుక్రారం గడిస్తే సాలనుకున్న. బాయి పోతే నా చెరుకు ఎండిపోతదని వాన్ని మోటరు అర్రల ఏసి తాళం పెట్టిన. నీళ్లల్ల పడ్డడనుకుంటే ఎవ్వలు చేన్ల దిక్కు రారనుకున్న. నిన్న రాత్రంత దమ్ముతోని కొట్టుకున్నడు. పంపు, పంపు అంటున్నడు. మోటరు పంపనుకున్న. పొద్దుగాల చాయ్ తీస్కపోయి పిలిస్తే పలుకలే. తలుపు తియ్య భయమైంది. బస్సెక్కినంక సమజైంది, వాడు ఏం పంపు అడిగిండో."

"తలుపు తియ్యనే లేదా?"

"తియ్యలే."

సుమన లేచి కూచుంది. భయానికి టైము లేదు. ముందు అంబులెన్సుకు ఫోను చేసి నరేష్‌తో చేను గుర్తులు చెప్పించింది. తర్వాత ఆ చేనుకు అందరికన్నా దగ్గర ఎవరుంటారని అడిగింది. నరేష్ తలెత్తకుండా భీమవ్వ అన్నాడు. ఎవరికి ఆ భూమి దక్కకూడదని ఇదంతా చేశాడో ఆమె నంబరు అతని నోటే చెప్పించి, ఫోను కలిపి స్పీకరు పెట్టి, పంపు తన చేతికి తీసుకుని, అతని దగ్గరున్న తాళంచెవితో బండి తీయమంది. అతను ముందుకు పోయి స్టీరింగ్ పట్టుకున్నాడు. బండి ఊగి కట్ట ఎక్కింది. నాలుగూ నలభై. బోధన్ రెండు గంటల దూరం.

ఫోన్లో చెరుకాకు చప్పుడు, ముసలి కాళ్ల పరుగు. గడ్డపారతో చెక్క మీద కొట్టిన దెబ్బలు, ఒకటి, రెండు, అయిదు. తర్వాత తలుపు కీచుమంది.

"పన్నడు బిడ్డా. దుప్పటి కప్పుకుని పన్నడు. లేపితే లేస్తలేడు."

"ముక్కు కింద వేలు పెట్టవ్వా. చూపుడు వేలు. ఊకె పెట్టి ఉంచు."

బండి నిజామాబాద్ రోడ్డు దాకా పోయి పడమటికి మళ్లింది. తలాపు దగ్గర డబ్బీలో ఎర్ర ముల్లు మెల్లగా, నిద్రలో నడిచినట్టు, జరిగి జరిగి పక్కకొచ్చి నిలిచింది. పరుపు తల తూర్పుకు తిరిగింది. సుమన ఎడమచేతిలో నీలం పంపు. కుడిచేతి చూపుడు వేలు తనకు తెలియకుండానే గాలిలో చాపి ఉంది. ఫోన్లో ఏ చప్పుడూ లేదు. లోకం ఆగిపోయి ఉంది.

"తగిలింది," అంది భీమవ్వ. "శానా సన్నగ. ఒకటి తగిలితే ఇంకోటి రానీకి మస్తు సేపైతున్నది బిడ్డా."

"వేలు తియ్యకవ్వా," అంది సుమన. "వచ్చినకొద్ది నాకు చెప్పు. ఒక్కొక్కటి చెప్పు."